గ్రామఫోను ప్లేటు నుంచి సెల్‌ఫోను దాకా: పాట అంగడి, పాట ప్రసారం

పాట మన ఇంటికి చాలాకాలం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి అంగడి దారి: డబ్బు పెట్టి ప్లేటో, క్యాసెట్టో, సీడీనో కొని తెచ్చుకోవడం. రెండోది ఆకాశం దారి: రేడియో పెట్టుకుని, వాళ్లు వేసింది వినడం. మొదటి దారిలో ఎంపిక మనది, ఖర్చూ మనదే. రెండో దారిలో ఎంపిక వాళ్లది, పాటకు మనం పైసా ఇవ్వనక్కరలేదు. ఈ రెంటికీ యంత్రాలు వేరు, వ్యాపారాలు వేరు, చట్టంలో సెక్షన్లు కూడా వేరు. సుమారు తొంభై ఏళ్లపాటు ఇవి పక్కపక్కనే నడిచి, ఈ మధ్యనే ఒకే తీగలోకి వచ్చి కలిశాయి. ఆ కలయికకే స్ట్రీమింగ్ అని పేరు. పాటను మన దగ్గర దాచుకోకుండా, కుళాయి నీళ్లలా అప్పటికప్పుడు తెప్పించుకుని వినడం అన్నమాట.

అలా కలిసినప్పుడు అంగడి ఏమైంది, రేడియో ఏమైంది, పాట కట్టినవాడికి ఏం దక్కింది అన్నవి ఈ వ్యాసంలో చూడబోయే ప్రశ్నలు. వాటికి జవాబు దొరకాలంటే నూట ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మూడు నిమిషాల కొలత

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రణ నిపుణుడు కలకత్తా వచ్చి, హోటల్ గదిలో యంత్రం అమర్చి, అప్పటికే పేరు మోసిన గాయని గౌహర్ జాన్ చేత పాడించాడు. మైక్రోఫోను లేదు, కరెంటు లేదు. గాయని పెద్ద కొమ్ముబూరాలోకి ముఖం పెట్టి గట్టిగా పాడాలి. ఆ గాలి ఒత్తిడే ఒక పొరను కదిపితే, దానికి అతికిన సూది మైనపు పళ్లెం మీద గాడి గీస్తుంది. ఆ మైనపు ముద్రలను ఓడలో జర్మనీలోని హానోవర్ కర్మాగారానికి పంపితే, అక్కడ ప్లేట్లు అచ్చయి మళ్లీ ఓడలో మన దేశానికి తిరిగి వచ్చేవి. పాట చివర గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు తానే ప్రకటించుకోవడం ఆ రికార్డుల్లో నేటికీ వినిపిస్తుంది. భాష తెలియని హానోవర్ పనివాళ్లు ఏ పళ్లెం ఎవరిదో గుర్తుపట్టి సరైన లేబులు అతికించడానికి ఆ ప్రకటన పనికివచ్చేదని చెబుతారు.

ప్లేటు నిమిషానికి సుమారు 78 చుట్లు తిరుగుతుంది. అంగుళం వెడల్పులో సుమారు 100 గాడి చుట్లు పడతాయి. పది అంగుళాల ప్లేటులో మధ్యన లేబులు పోను గాడికి మిగిలేది అటూ ఇటుగా రెండున్నర అంగుళాల పట్టీ. లెక్క మీరే వేయండి: 250 చుట్లను 78తో భాగిస్తే మూడు నిమిషాల పైచిలుకు వస్తుంది. గంటసేపు సాగే రాగాలాపనను మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది ఈ చిన్న భాగహారం వల్లనే. ఆలాపన తగ్గింది, పల్లవి త్వరగా అందుకోవడం అలవాటయింది. తరువాత టాకీలు వచ్చినప్పుడు సినిమా పాట నిడివి కూడా ఈ కొలతకే సర్దుకుంది. సంగీతాన్ని మోసుకువచ్చే వస్తువు సంగీతం ఆకారాన్ని కూడా మార్చేస్తుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ కథలో దీని అవసరం మళ్లీ పడుతుంది.

1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం మొదలైంది. తరువాత దమ్‌దమ్‌కు మారింది. కుక్క బొమ్మ కంపెనీ అంటే పల్లెటూళ్లలో కూడా తెలియని వారు లేరు. అయినా ప్లేటు ధనికుల సరుకుగానే ఉండిపోయింది. యంత్రం కొనాలి, సూదులు కొనాలి, ప్లేటు పగలకుండా చూసుకోవాలి. పాట సామాన్యుడి ఇంటికి చేరింది ఆకాశం దారినే.

ఎవరు ఎంచాలి?

1927 జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ స్టేషను ప్రారంభమైంది. మూడేళ్లు తిరగకుండానే ఆ ప్రైవేటు కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వం చేతిలోకి వచ్చిన ఆ సర్వీసే 1936లో ఆలిండియా రేడియో అయింది. మద్రాసు కేంద్రం 1938లో వచ్చింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది.

రేడియోకు ఒక గొప్ప భౌతిక లక్షణం ఉంది. ప్రసారిణి ఒకసారి అల వదిలాక, దాన్ని పదిమంది విన్నా పది లక్షల మంది విన్నా స్టేషనుకయ్యే కరెంటు ఖర్చు ఒక్కటే. కొత్త శ్రోత వచ్చి చేరినంత మాత్రాన పాత శ్రోతకు ఏమీ తగ్గదు. వెలుగుతున్న వీధిదీపం కింద ఇంకొకరు వచ్చి నిలబడితే దీపానికి నూనె ఎక్కువ కాదు కదా! అయితే ఇందులోనే ఒక లోపం కూడా ఉంది. అందరికీ ఒకటే పాట. ఆ పాట ఏదో ఎవరో ఒకరు నిర్ణయించాలి.

మన దేశంలో ఆ నిర్ణయాధికారం ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1940లో హార్మోనియాన్ని రేడియోలోకి రానివ్వకూడదని నిషేధించారు. మన గమకాలకు ఆ వాద్యం పనికిరాదని వాదన. 1971 దాకా అది పూర్తిగా సడలలేదు. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయని నమ్మి, వాటిని దాదాపు గెంటివేశారు. శ్రోతలు ఏంచేశారు? ముల్లు తిప్పి సిలోను పెట్టుకున్నారు. ఆ ఏడాదే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గళంలో బినాకా గీత్‌మాలా మొదలైంది. అయిదేళ్లపాటు శ్రోతలు, ప్రకటనల ఆదాయం సముద్రం దాటి పోయాక, 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తనే వివిధ్ భారతిని ప్రారంభించింది. కేస్కర్ గారి శాస్త్రీయ సంగీతాభిమానాన్ని తప్పుపట్టను. ఆయన హయాంలో ఎందరో విద్వాంసులకు రేడియో అన్నం పెట్టింది. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు చేసిన పని ఏ వ్యాపార కంపెనీ చేయించి ఉండేది కాదు. కానీ జనం చెవిని చట్టంతో కట్టేయలేమని కూడా ఆ ముల్లు తిప్పిన శ్రోతలే తేల్చారు.

వివిధ్ భారతికి ఉత్తరాలు రాసే శ్రోతల వల్ల బీహారులోని (ఇప్పటి జార్ఖండ్) ఝుమ్రీ తలైయా అనే చిన్న గనుల ఊరు దేశమంతా మారుమోగింది. కోరిన పాట, కోరినవారి పేరు, వారి ఊరు, ఆపైన చిత్రం పేరు, రచయిత, సంగీతదర్శకుడు, గాయకుడు. అనౌన్సరు ఈ వరుస తప్పేవారు కాదు. సినిమా చూడని వాళ్లకు కూడా దేవులపల్లి కృష్ణశాస్త్రి, ఆరుద్ర, పెండ్యాల, రాజేశ్వరరావు పేర్లు నోటికి వచ్చాయంటే ఆ ప్రకటన చలవే.

రేడియో తరంగం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో జవాబిచ్చింది. తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజాహితం కోసం వాడాలి అని క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో చెప్పింది. ప్రైవేటు ఎఫ్.ఎం.కు దారి తెరుచుకున్నది ఆ తరువాతనే. 2001 జూలైలో బెంగుళూరులో మొదటి ప్రైవేటు స్టేషను పాడింది.

క్యాసెట్టు చేసిన గలాటా

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన చిన్న క్యాసెట్టు మన దేశంలో ఊపందుకున్నది 1980లలో. ప్లేటు అచ్చు వేయడానికి కర్మాగారం కావాలి, క్యాసెట్టుకు గది చాలు. ఢిల్లీ దరియాగంజ్‌లో పళ్లరసం అమ్మిన కుటుంబం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పెట్టి, క్యాసెట్టును పాన్ దుకాణంలోకి, కిరాణా కొట్టులోకి తెచ్చారు. 1957 కాపీరైటు చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది: రికార్డు వచ్చిన రెండేళ్ల తరువాత, నోటీసు ఇచ్చి రాయల్టీ కడితే, అదే పాటను వేరేవాళ్ల చేత పాడించి అమ్మవచ్చు. ఆ దారిలో పాత పాటలు కొత్త గొంతులతో చౌకగా వెల్లువెత్తాయి. గుత్తాధిపత్యం అనుభవించిన గ్రామఫోన్ కంపెనీ పదేళ్లలో కుదేలైంది. 2000లో అది సరిగమ అని పేరు మార్చుకుంది.

క్యాసెట్టు వల్ల జరిగిన మేలు కూడా తక్కువేమీ కాదు. రేడియో ఆడిషను గుమ్మం దాటలేని గొంతులు జనంలోకి వచ్చాయి. అయ్యప్ప భజనలు, బుర్రకథలు, జానపదాలు, గద్దర్ పాటలు ఏ మంత్రి అనుమతీ లేకుండా ఊరూరా తిరిగాయి. రికార్డింగ్ సెంటర్లు గుర్తున్నాయా? కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్టుతో ఇస్తే, రెండు రోజుల్లో అటు అరగంట ఇటు అరగంట నింపి ఇచ్చేవారు. చట్టం దృష్టిలో అది చౌర్యమే. అయితే అతనికి పాటలు తెలుసు. మనం సగం పల్లవి హమ్ చేస్తే సినిమా పేరు, సంవత్సరం చెప్పేవాడు.

చెవికి తెలియని కోత

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి చానళ్లు రెండు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. 1990లలో టెలిఫోను తీగ మీద ఇంత పంపడం కలలోమాట. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్‌జ్ బ్రాండెన్‌బర్గ్, సహచరులు వేసిన ప్రశ్న ఇది: చెవి వినని దాన్ని ఎందుకు మోసుకెళ్లాలి?

వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే పక్కన గడియారం టిక్కుటిక్కు వినబడదు. శబ్దం ఉంది, చెవిలోకి వెళుతోంది కూడా. కానీ పెద్ద శబ్దం దాన్ని కప్పేస్తుంది. ఒక పెద్ద స్వరానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న చిన్న స్వరమూ అంతే. మృదంగం మీద గట్టి దెబ్బ పడిన మరుక్షణం వచ్చే సన్నని చప్పుడూ అంతే. ఇలా కప్పుబడిన వాటిని లెక్కకట్టి, వాటికి బిట్లు తగ్గించి, వినిపించే వాటికే బిట్లు కేటాయించడం ఎంపీ3 కిటుకు. సెకనుకు 1,28,000 బిట్లతో, అంటే సీడీలో పదకొండో వంతుతో, మామూలు శ్రోతకు తేడా పెద్దగా తెలియని పాట తయారైంది. తంబురా శ్రుతిలోని సన్నని పైస్వరాలు, తాళాల గలగల దగ్గర శ్రద్ధగా వినేవారికి ఆ కోత తెలుస్తుంది. సినిమా పాటలో అంతగా తెలియదు.

అయిదు నిమిషాల పాట ఇప్పుడు 4.8 మెగాబైట్లు. 700 మెగాబైట్ల సీడీలో దాదాపు 145 పాటలు పడతాయి. అందుకే పేవ్‌మెంటు మీద "ఘంటసాల హిట్స్ 150" అని ఒకే సీడీ దొరికేది. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ వచ్చి జనం పాటలను ఒకరి కంప్యూటరు నుంచి ఒకరు లాక్కోవడం నేర్పింది. కోర్టు దెబ్బకు 2001లో అది మూతపడింది. 2003లో ఆపిల్ కంపెనీ పాటను విడిగా 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది. మన దగ్గర ఆ మధ్యదశ అసలు నిలదొక్కుకోలేదు. సెల్ రీచార్జి కొట్లో పదో ఇరవయ్యో ఇస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించే చోట, పాట పాటకు డబ్బు కట్టేదెవరు? చిత్రమేమిటంటే, అదే మనిషి తనకు ఫోను చేసినవాళ్లు వినడానికి కాలర్ ట్యూన్‌కు మాత్రం నెలనెలా డబ్బు కట్టాడు. కొన్నేళ్లు మన రికార్డు కంపెనీలను బతికించినవాటిలో అదొకటి.

అంగళ్లు మాత్రం బతకలేదు. కలకత్తా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ 2013లో, 1948 నుంచి బొంబాయి కాలా ఘోడాలో ఉన్న రిథమ్ హౌస్ 2016లో తలుపులు మూశాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే జియో వచ్చి మొబైల్ డేటా ధరను నేలకు దించింది. గానా, సావన్ వంటివి అంతకుముందే ఉన్నా, దేశం నిజంగా స్ట్రీమింగ్‌కు మారింది ఆ తరువాతనే. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో, యూట్యూబ్ మ్యూజిక్ ఆ మరుసటి నెల మన దేశంలో అడుగుపెట్టాయి. ప్రపంచం మొత్తం మీద రికార్డు సంగీతపు ఆదాయంలో 2024లో 69 శాతం స్ట్రీమింగ్ నుంచే వచ్చిందని అంతర్జాతీయ రికార్డు కంపెనీల సమాఖ్య లెక్క.

కుళాయి ఎలా పనిచేస్తుంది?

మీరు ఫోనులో పాట నొక్కగానే ఆ పాట మొత్తం మీ దగ్గరకు రాదు. దాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఉంచుతారు. ఒక్కో ముక్కకు ఎక్కువ నాణ్యత, తక్కువ నాణ్యత అని రెండు మూడు రూపాలుంటాయి. మీ సిగ్నలు బాగుంటే మంచి ముక్క, బస్సు కొండమలుపు తిరిగితే నాసిరకం ముక్క వస్తుంది. మీరు వింటున్న దానికంటే కాస్త ముందుగా కొన్ని ముక్కలు ఫోనులో నిలవ ఉంటాయి. సిగ్నలు పోయినా కాసేపు పాట ఆగకపోవడానికి కారణం ఆ నిలవే.

వీధిదీపం పోలిక గుర్తుందా? స్ట్రీమింగ్ దానికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ శ్రోత శ్రోతకూ విడి కాపీ పంపాలి. లక్షమంది ఒకేసారి వింటే సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున 1,280 కోట్ల బిట్లు ప్రవహించాలి. శ్రోతలు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఖర్చు ఉంది కాబట్టి ప్రతి వినికిడినీ లెక్కపెట్టాలి. లెక్క ఉంది కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఏ పాట, ఎన్నో సెకను దగ్గర విసుగుపుట్టి దాటేశారు అన్నదంతా కంపెనీకి తెలుస్తుంది. ఆకాశవాణికి మీరు ఉత్తరం రాస్తే తప్ప మీరున్నట్టే తెలియదు. తరువాత ఏ పాట వినిపించాలో ఎంచే పని కేస్కర్ గారి నుంచి, రికార్డింగ్ సెంటరు యజమాని నుంచి, ఇప్పుడు ఈ లెక్కలు చదివే ప్రోగ్రాముకు దక్కింది. కేస్కర్ నిర్ణయం మీద పార్లమెంటులో ప్రశ్న వేయవచ్చు. ఈ ప్రోగ్రాము ఏ పాటను ఎందుకు పక్కన పెట్టిందో అడగడానికి అలాంటి వేదిక లేదు. తరంగం ప్రజల ఆస్తి. సర్వరు కంపెనీది.

ఇది అంగడా, రేడియోనా?

ఈ ప్రశ్న మాటవరసకు అడుగుతున్నది కాదు. బొంబాయి హైకోర్టు ముందు నిజంగానే నిలబడిన ప్రశ్న. దాని వెనక ఉన్న కథ తెలిస్తే గాని దాని విలువ తెలియదు.

1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సినిమా కోసం డబ్బు తీసుకుని పాట రాసినా, బాణీ కట్టినా, వేరే ఒప్పందం లేకపోతే ఆ హక్కు నిర్మాతదే అని. దాంతో మన సినీకవులు, సంగీతదర్శకులు ముప్పై అయిదేళ్లపాటు తమ పాట వేలసార్లు మోగినా రూపాయి అడగలేని స్థితిలో ఉన్నారు. వృద్ధాప్యంలో చేతిలో చిల్లిగవ్వ లేక పోయినవారి కథలు ప్రతి భాషలోనూ ఉన్నాయి. రాజ్యసభ సభ్యుడిగా జావేద్ అఖ్తర్ గట్టిగా మాట్లాడిన తరువాత, 2012లో చట్టం సవరించారు. హక్కు నిర్మాతకు రాసిచ్చినా, థియేటరు బయట పాట సంపాదించే దానిలో రచయితకు, స్వరకర్తకు రాయల్టీ వాటా ఉండితీరాలని, ఆ వాటాను వదులుకుంటున్నట్టు రాయించుకోవడానికి వీల్లేదని తేల్చారు.

అదే సవరణలో 31డి అనే సెక్షను చేరింది. ప్రసార సంస్థ పాట వేయాలంటే యజమాని అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. నోటీసు ఇచ్చి, నిర్ణీత అధికారసంస్థ ఖరారు చేసిన రేటు కడితే చాలు. అంతకుముందు 2010లోనే కాపీరైట్ బోర్డు ఎఫ్.ఎం. స్టేషన్లకు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని ఒక రేటు పెట్టింది. రేడియోకు ఈ రాయితీ ఎందుకంటే అది అందరికీ వినిపించే ప్రజాసేవ అన్న భావన.

ఎయిర్‌టెల్ వారి వింక్ సంస్థకు, టిప్స్ అనే రికార్డు కంపెనీకి ధర కుదరలేదు. అప్పుడు వింక్, నేనూ ప్రసార సంస్థనే, ఇంటర్నెట్ ద్వారా ప్రసారం చేస్తున్నాను, కాబట్టి 31డి నాకూ వర్తిస్తుంది అంది. 2019 ఏప్రిల్ 23న జస్టిస్ ఎస్.జె. కథావాలా ఆ వాదన తోసిపుచ్చారు. పాటను ఫోనులో శాశ్వతంగా దించుకోనిస్తే అది అమ్మకం. చందా కట్టినంతకాలం దాచుకోనిస్తే అది వ్యాపారరీత్యా అద్దెకు ఇవ్వడం. ఇక 31డి రాసింది రేడియో, టెలివిజన్ల కోసం, ఇంటర్నెట్ కోసం కాదు అన్నారు. 2022 అక్టోబరులో డివిజన్ బెంచి కూడా దాన్నే ఖాయపరిచింది. అంటే చట్టం దృష్టిలో ఇది ప్రధానంగా అంగడే.

నా మటుకు నాకు ఈ తీర్పు న్యాయంగానే తోస్తుంది. టెలికాం కంపెనీల అంగబలం చూస్తే వాటికి ప్రజాసేవ రాయితీ ఇవ్వడంలో అర్థం లేదు. కానీ దీనికొక పర్యవసానం ఉంది. అంగడి, సరుకు యజమాని మధ్య బేరం చెడితే సరుకు మాయమవుతుంది. 2019లో సరిగమ పాటలు లక్షకు పైగా స్పాటిఫై నుంచి తీసేశారు. ఒప్పందం కుదిరాక తిరిగి వచ్చాయి. 2023 మార్చిలో జీ మ్యూజిక్ పాటలు అలాగే పోయాయి. 2024లో వింక్ సర్వీసునే ఎయిర్‌టెల్ ఎత్తేసింది. అక్కడ ఏళ్ల తరబడి పేర్చుకున్న పాటల జాబితాలు వినేవాడి ఆస్తి కాదు. మీ తాతగారి ప్లేటును మీ నుంచి ఎవరూ వెనక్కి తీసుకోలేరు, గీతలు పడితే పడొచ్చుగాక. 2017లో సరిగమ 5,000 పాత పాటలు నింపి, పాత ట్రాన్సిస్టర్ ఆకారంలో కార్వాన్ అనే పెట్టె తెస్తే పెద్దవాళ్లు ఎగబడి కొన్నారు. అది కేవలం పాతరోజుల మీద మమకారం కాదనుకుంటాను. చేతిలో ఉన్నది తమదన్న ధీమా కూడా.

పైసలు ఎలా పంచుతారు?

మీరు నెలకు 100 రూపాయలు కట్టి నేదునూరి కృష్ణమూర్తి గారి కీర్తనలు తప్ప ఇంకేమీ వినలేదనుకోండి. మీ డబ్బు ఆ కీర్తనల హక్కుదారులకే పోతుందని మీరు భావిస్తారు. చాలా సంస్థల పద్ధతి అది కాదు. అందరి చందాలు, ప్రకటనల రాబడి ఒకే కుండలో పోస్తారు. అందులో మూడింట రెండు వంతుల దగ్గర హక్కుదారులకు కేటాయించి, మొత్తం వినికిళ్లలో ఎవరి వాటా ఎంతో అంత ఇస్తారు. రోజంతా అంగట్లో, జిమ్ములో మోగే సినిమా పాటకు మీ డబ్బులో సింహభాగం వెళుతుంది. వినేవాడి డబ్బు అతను విన్నవారికే ఇచ్చే పద్ధతిని 2021లో సౌండ్‌క్లౌడ్ మొదలుపెట్టింది గాని, పెద్ద సంస్థలు దాన్ని అందుకోలేదు.

స్పాటిఫైలో పాటను 30 సెకన్లు వింటేనే అది ఒక వినికిడి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడికి పనికివస్తుంది. ప్లేటు మూడు నిమిషాల కొలత పెట్టినట్టు, ఇది ముప్పై సెకన్ల కొలత పెట్టింది. ఆ లోపల శ్రోత దాటిపోకూడదు. నలభై సెకన్ల వయొలిన్ల ప్రిల్యూడు తరువాత పల్లవి ఎత్తుకునే పద్ధతికి, ఇళయరాజా తరం వాళ్లు దాన్ని ఒక కళగా మలచినా, ఇప్పుడు జంకుతున్నారు. 2024 నుంచి ఆ సంస్థ ఇంకో నిబంధన పెట్టింది. పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు ఆ కుండలోంచి ఏమీ రాదు. పెద్ద మార్కెట్టు ఉన్న భాషలకు ఇది చీమకుట్టినట్టు కూడా ఉండదు. గిరిజన భాషల్లో పాడుకునేవారికి, అరుదైన కచేరీ రికార్డులకు అలా కాదు.

రేడియో సంగతి

రేడియో చచ్చిపోయిందనే మాట టీవీ వచ్చినప్పుడూ విన్నాం. ఆకాశవాణి పాత మధ్యతరంగ ప్రసారిణులు కొన్ని మూతపడ్డాయి. మరోవైపు 2023 ఏప్రిల్ 28న ఒకేరోజు 91 కొత్త ఎఫ్.ఎం. ప్రసారిణులు ప్రారంభించారు. శాస్త్రీయ సంగీతానికి 2016లో రాగం అనే చానలు పెట్టి ఇంటర్నెట్ మీద వినిపిస్తున్నారు. 2024 నవంబరులో ప్రసారభారతి వేవ్స్ అనే సొంత వేదిక తెచ్చింది. ప్రభుత్వ ప్రసార సంస్థ కూడా కుళాయి పెట్టుకున్నదన్నమాట.

అయినా వీధిదీపం అవసరం తీరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి రోజున విడి కాపీ పంపే ఏ ఏర్పాటూ పనిచేయదు. రెండు సెల్లుల ట్రాన్సిస్టర్ పనిచేస్తుంది.

ఇంతకంటే నిశ్శబ్దంగా జరుగుతున్న నష్టం ఇంకొకటి ఉంది. స్ట్రీమింగ్‌లో ఒక అన్నమయ్య కీర్తన వెతికి చూడండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. రాగం ఉండదు. చాలాచోట్ల స్వరం కట్టినవారి పేరు ఉండదు. పాత సినిమా పాటలో రచయిత పేరు ఉండవలసిన చోట నటుడి పేరో, కంపెనీ పేరో కనబడుతుంది. అనౌన్సరు నోటితో చెప్పిన వరుసను ఇప్పుడు ఎవరో గుమస్తా పట్టికలో ఎక్కించాలి. ఎక్కించకపోతే అడిగేవాడు లేడు. ఇది పండితుల ఫిర్యాదు మాత్రమే కాదు. రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ పంచే ఐపీఆర్ఎస్ వంటి సంఘానికి డబ్బు ఎవరికి ఇవ్వాలో తెలిసేది ఆ పట్టిక చూసే. 2012 చట్టం ఇచ్చిన వాటా, పేరు లేని చోట దారి తప్పుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. మీకు ఇష్టమైన పాత పాటలు పది తీసుకుని, మీ ఫోనులోని వేదికలో వాటి రచయిత, స్వరకర్తల పేర్లు ఉన్నాయో లేదో రాసుకోండి. తరువాత ఆ సినిమాల పాటల పుస్తకం ఎక్కడైనా దొరికితే, పదిపైసలకు హాలు దగ్గర అమ్మిన ఆ నాలుగు పేజీల కాగితంతో పోల్చి చూడండి.